ఎవరి దోషము?

మన తెలుగులో "దోషము" అను మాట చిత్రమైనది. కుండకు బీట యున్నను దోషమే. కంటిలో పువ్వు వేసినను దోషమే. పొరుగువాని సొమ్ము అపహరించినను దోషమే. మొదటివి వస్తువునకో శరీరమునకో కలిగిన లోపములు. కడపటిది మనిషి చేసిన అపరాధము. రెంటికి ఒకే మాట వాడుకొనుచున్నాము గనుక ఒకదాని నీడ రెండవదానిమీద పడుచున్నది. ఈ నీడ స్త్రీయొక్క గర్భము విషయములో పడినంత చీకటిగా మరెక్కడను పడలేదు. కడుపు నిలువని కోడలినిగూర్చి "ఆమెలోనే ఏదో దోషమున్నది" అని అత్తగారు అనునప్పుడు, ఆ మాటలో శరీరముయొక్క లోపమెంత, మనిషిమీద నింద యెంత అని అడిగిన యెడల అత్తగారే చెప్పలేదు.

ప్రియ చదువరులారా, ఈ నెల ఈ రెంటిని విడదీసి చూడవలెనని తలంచితిని. విషయము మనవారు నలుగురిలో మాటలాడుటకు సిగ్గుపడునది. అయినను మాటలాడక పోవుటవలన ఒక్కరే మూలను కూర్చుండి ఏడ్చువారు మన సంఘములలో నున్నారు గనుక, కొంచెము ఓర్పుతో చదువవలెనని మనవి.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఈ మూడును ఒకే రైలు దారిమీదనున్న ఊళ్లు. ఆ దారి దక్షిణముగా పోయి బెంగుళూరు చేరును. పెద్ద వైద్యము కావలసిన మన ప్రాంతపువారిలో అనేకులు ఆ బండినే ఎక్కుదురు. మగ్గము గుంటలో నుండి లేచి వచ్చిన ధర్మవరపు నేతగాండ్రు, పెనుకొండ కొండక్రింద వేరుసెనగ వేసికొనువారు, హిందూపురములో బెల్లము చింతపండు మండీలలో కూలిచేయువారు, అందరు ఆ బండిలో నుందురు. జ్వరమునకో గుండెకో పోవువాడు తన జబ్బునుగూర్చి ప్రక్కవానికి మూడు స్టేషనుల దూరము చెప్పుకొనును. పిల్లలకొరకు పోవు దంపతులు మాత్రము కాగితముల కట్టను సంచి అడుగున పెట్టుకొని, చుట్టాల ఇంటికి పోవుచున్నామని చెప్పుదురు. దాచవలసినంత తప్పు వారేమి చేసిరి?

పిల్లలు కలుగకపోవుటకు కారణములు పెక్కు. అట్టి జంటలలో దాదాపు సగము మందియందు పురుషుని లోపమునకును పాలున్నదని వైద్యులు చెప్పుదురు. ఆ సంగతి మన మగవారికి రుచింపదు గనుక పరీక్షకు మొదట భార్యనే పంపుదురు. ఇప్పుడు నేను వ్రాయదలచినది అందులో ఒక్క భాగమును గూర్చియే. అది గర్భసంచి పుట్టుకతోనే వేరు రూపమున ఏర్పడుట. ఇట్టి స్త్రీలలో చాలమందికి నెల తప్పుట కష్టము కాదు. తప్పిన తరువాత నిలుచుటయే కష్టము.

ఇది ఎట్లు జరుగును? తల్లి కడుపులో ఆడశిశువు రూపము దిద్దుకొనుచున్నప్పుడు, ఆరవ వారము మొదలుకొని ఇరుప్రక్కల రెండు సన్నని గొట్టములు ఏర్పడును. అవి క్రిందికి దిగుచు, నడుమకు వచ్చి, ఒకదానినొకటి చేరి ఏకమగును. పై కొనలు విడిగానే నిలిచి అండము వచ్చు నాళములగును; కలిసిన భాగము గర్భసంచి యగును. కలిసిన చోట మొదట నడుమ ఒక గోడ యుండును. అదియు కొన్ని వారములలో కరగిపోవును. ఇరువదియవ వారము నాటికి ఈ పని యంతయు ముగియును. హిందూపురము దగ్గర జయమంగళి వచ్చి పెన్నలో కలియును గదా! నీరు పారిన ఏట (అట్టి ఏండ్లు మన సీమకు అరుదే యనుకొనుడి) రెండు ఏరులు కలిసిన చోట కొంతదూరము నడుమ ఇసుకతిన్నె నిలిచి, తరువాత అది కనబడకుండ పోయి ఒకే ప్రవాహమగును. గర్భసంచి కథయు అట్టిదే. ఇసుకతిన్నె కరగక నిలిచిపోయిన యెడల అది గోడగల గర్భసంచి. ఏరులు పూర్తిగా కలియకయే నిలిచిన యెడల రెండు కొమ్ముల గర్భసంచి. ఒక ప్రక్కది ఎదుగక రెండవదే ఎదిగిన యెడల ఒంటికొమ్ము గర్భసంచి. రెండును బొత్తిగా కలియని యెడల రెండు గర్భసంచులు. నాలుగైదువేల మంది ఆడపిల్లలలో ఒకరికి గర్భసంచియే ఏర్పడదు; అండాశయములు మాత్రము సరిగానే యుండును.

ఇది అరుదైన వింత యని తలంచకుడి. అనేక దేశముల పరిశోధనలను కూర్చి 2011లో లెక్కవేసినప్పుడు, సామాన్య స్త్రీలలో నూటికి అయిదారుగురికి ఇట్టి భేదము ఏదో యొకటి యున్నట్లు తేలినది. కడుపు పోయిన స్త్రీలలో అది నూటికి 13 మందికి పైగా నుండెను. కావున ఆదివారము ఆరాధనలో స్త్రీల వైపు చాపలమీద నూరుగురు కూర్చుండియున్న యెడల, వారిలో అయిదారుగురు ఇట్టివారై యుండవచ్చును. అందులో ముగ్గురు నలుగురు పిల్లలను కని, పెంచి, పెండ్లిండ్లు చేసి, తమ గర్భసంచి ఎట్టిదో ఎన్నడును తెలియకయే తెల్లచీర కట్టుకొని ముందువరుసలో కూర్చుండియుందురు. అయిదవ ఆమె మాత్రమే వెనుక గోడ ప్రక్క కూర్చుండును.

ఇంతకు ఈ పని ఎప్పుడు జరిగినది? ఆమె పెండ్లి నాడు కాదు, ఈడేరిన నాడు కాదు, పుట్టిన నాడు కూడ కాదు. పుట్టుటకు నాలుగు నెలలకు పైగా ముందే అంతయు ముగిసిపోయినది. అప్పటికి ఆమె ఒక మంచి పని గాని చెడ్డ పని గాని చేసి యుండలేదు. ఆమె తల్లి బరువు మోసినందుననో, గ్రహణము నాడు బయటికి వచ్చినందుననో, తినరానిది తినినందుననో ఇది కలుగలేదు. చాలమందిలో కారణమేదియు కనబడదు. ఇక్కడ లోపము అను అర్థములో దోషమున్నది. అపరాధము అను అర్థములో దోషి లేడు, దోషురాలు లేదు.

పుట్టుగ్రుడ్డి కథ మనమందరము చిన్ననాటినుండి ఎరిగినదే. వీడు గ్రుడ్డివాడై పుట్టుటకు పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని శిష్యులే అడిగిరి. అడిగినవారు దుర్మార్గులు కారు. ఊరంతయు అడుగు ప్రశ్ననే అడిగిరి. ప్రభువు ఇద్దరిని విడిచిపెట్టెను. ఆ ప్రశ్ననే కొట్టివేసెను. అయితే ఆ అధ్యాయమును ప్రసంగములలో వినుచు, బయటికి వచ్చి చెట్టుక్రింద నిలిచి, ఫలాని కోడలికి మూడవసారియు పోయినదట, ఏమి చేసియుండునో అని గొణుగుకొనువారము మనమే.

లేఖనములలోనే గర్భమును దేవుడు మూసెనని హన్నానుగూర్చి వ్రాయబడియున్నది కదా యని ఒకరు అడుగవచ్చును. వ్రాయబడినది నిజమే. అయితే ఆమె పాపము చేసెనని ఎక్కడను వ్రాయబడలేదు. ఆమెను విసికించి ఏడిపించినది పిల్లలుగల పెనిన్నా. ఆమె పెదవులు కదలుట చూచి త్రాగియున్నదని తలంచినది సాక్షాత్తు యాజకుడైన ఏలీ. తప్పు తీర్పు తీర్చినవాడు గుడిలో పెద్ద యగుట గమనింపదగినది. ఎలీసబెతు విషయమైతే ఇంకను స్పష్టము: ఆమెయు జెకర్యాయు ఇద్దరు నీతిమంతులని చెప్పిన వెంటనే వారికి పిల్లలు లేరని చెప్పబడియున్నది. మీకాలు మాటేమి అని పట్టుదలగల చదువరి అడుగును. ఆమెకు బ్రతికినన్నాళ్లు బిడ్డ లేదని అక్కడ చెప్పబడినదే గాని, అది శిక్ష యని మాటలలో చెప్పబడలేదు. ఆ ముడి వేసికొన్నది చదివిన మనము. ఒకవేళ శిక్షయే యనుకొన్నను, రాజు కుమార్తె కథను మన యిరుగింటి కోడలికి తగిలించు అధికారము మనకెవరిచ్చిరి?

ఈ మాట కటువుగా నున్నను వ్రాయక తప్పదు. కొన్ని స్వస్థత కూడికలలో ఇట్టి స్త్రీని ముందుకు పిలిచి, ఒప్పుకొనని పాపమేదో అడ్డుగా నున్నదని అందరియెదుట చెప్పుట కలదు. ఆమె యింటికి పోయి రాత్రియంతయు తన పదునాలుగేండ్ల యీడునుండి తవ్వుకొనును. చెప్పినవాడు మరునాడు మరియొక ఊరికి పోవును. ప్రార్థన చేయవద్దని నేననుట లేదు. ప్రార్థనలో నేరవిచారణ చేర్చవద్దనుచున్నాను.

అన్ని యిండ్లలోను ఇట్లే యని కాదు. అయినను బిడ్డకు పేరుపెట్టు విందునాడు పిల్లలు లేని ఆమెను వంటయింటిలోనే నిలుపుట, ఊయలలో బిడ్డను వేయునప్పుడు ఆమె చేయి తగులకుండ చూచుట క్రైస్తవుల యిండ్లలోను కలదు. మతము మారినను ఈ భయము మారలేదు.

ఇక వైద్యము సంగతి. పూర్వము ఇట్టి గర్భసంచిని సరిచేయవలెనన్న కడుపు కోయవలసి యుండెను. జర్మనీ దేశపు స్ట్రాస్‌మన్ అను వైద్యుడు 1907లో రెండు కొమ్ములను కోసి ఒకటిగా కలిపి కుట్టు విధానమును తెలియజేసెను. గోడను తీసివేయుటకు అమెరికాలో 1953లో జోన్సు దంపతులును, 1962లో టాంప్కిన్సు అను వైద్యుడును తెలిపిన పద్ధతులును కడుపు తెరచి, గర్భసంచి గోడనే కోసి చేయునవి. కోతకు కోత, నెలల విశ్రాంతి, తరువాత నిలిచిన బిడ్డకు మరల కడుపుకోత. 1980లనుండి ఇది మారినది. గోడగల గర్భసంచికైతే ఇప్పుడు పొట్టమీద కోతయే అక్కరలేదు. మత్తు ఇచ్చి, సహజమార్గముననే పెన్సిలంత సన్నని దుర్భిణి గొట్టమును లోపలికి పంపి, ఉప్పునీటితో గర్భసంచిని ఉబ్బించి, తెరమీద చూచుకొనుచు, చిన్న కత్తెరతోనో విద్యుత్తు మొనతోనో ఆ గోడను నడుమకు విడదీయుదురు. ఆ గొట్టము పేరు హిస్టెరోస్కోపు. పని సాధారణముగా గంటలోపల ముగియును. ఆ దినమో మరుదినమో ఇంటికి పంపుదురు.

పొట్టమీద చిన్న గంట్లు పెట్టి లోపలికి దింపు గొట్టము లాపరోస్కోపు. ఇది మన పల్లెలకు క్రొత్తది కాదు. కుటుంబ నియంత్రణ శిబిరములలో డి.పి.ఎల్. ఆపరేషను అని విన్నవారందరు దీనిని ఎరుగుదురు. పిల్లలు చాలుననువారికొరకు మన ఊళ్లకు వచ్చిన పనిముట్టే, పిల్లలు కావలెననువారికిని పనికివచ్చుచున్నది. ఒంటికొమ్ము గర్భసంచిలో ఎదుగక మిగిలిన చిన్న కొమ్మునకు కొన్నిసార్లు బయటికి దారి యుండదు. లోపల పొర యున్న యెడల నెలనెల రక్తము అక్కడనే నిలిచి పిల్ల మెలికలు తిరిగిపోవును. అరుదుగా అందులోనే గర్భము నిలిచి, పగిలి ప్రాణముమీదికి వచ్చును. దానిని లాపరోస్కోపుతో తీసివేయుట నిస్సందేహముగా మేలు. ముట్టునొప్పి ఆడవారికి సహజమే యని తల్లి కొట్టివేసిన పిల్లలలో ఇట్టివారును ఉందురు. నెలనెల నొప్పి పెరుగుచు బడి మానవలసి వచ్చుచున్న పిల్లను డాక్టరుకు చూపింపక, కషాయముతో సరిపెట్టుట తగదు.

అయితే ఎవరికి ఏది యని తేల్చుట సులభము కాదు. రంగుమందు ఎక్కించి తీయు ఎక్స్-రేలో గోడగల గర్భసంచియు రెండు కొమ్ముల గర్భసంచియు ఇంచుమించు ఒకే బొమ్మగా కనబడును. భేదము బయటి రూపములో నున్నది. గోడగలదానికి పై భాగము నున్నగా నుండును. రెండు కొమ్ములదానికి పైన లోతుగా నొక్కు పడియుండును. మూడు వైపులనుండి రూపము చూపు త్రీడీ స్కానింగుతోనో ఎం.ఆర్.ఐ.తోనో దీనిని తేల్చుదురు. తేల్చక, రెండు కొమ్ములదానిని గోడ యనుకొని లోపలినుండి కోసిన యెడల గర్భసంచికి రంధ్రము పడును. రెండు కొమ్ములదానికిని, రెండు గర్భసంచులున్న వారికిని చాలవరకు ఏ ఆపరేషనును అక్కరలేదు. కొందరికి ఒక మూత్రపిండము కూడ ఉండదు. ఆ రెంటి పుట్టుకయు శరీరములో ఇరుగుపొరుగున జరుగును గనుక అదియు చూడుమని అడుగవలెను.

ఇంతవరకు చదివినవారు, కోత లేదు, కుట్టు లేదు, ఒక్కనాటి పని, ఇంకేమి సందేహము, చేయించివేయవలెను అందురు. నేను ఆగి చూడవలెననునది ఇక్కడనే.

గోడను తీసివేయుటే మేలని వైద్యులు బహుకాలము నమ్మిరి. ఆపరేషనుకు ముందు ఎన్ని పోయినవి, తరువాత ఎన్ని నిలిచినవి అని లెక్కించి, తరువాతి లెక్క మంచిదిగా నుండుట చూచి నమ్మిరి. అయితే రెండు మూడు పోయిన స్త్రీకి తరువాతిది ఏ వైద్యమును లేకయే నిలుచుటయు కలదు. నాలుగేండ్లు వాన లేక, అయిదవ ఏట బోరు వేయించిన వారమే వాన కురిసిన యెడల, బోరు వేయుటవలన వాన వచ్చినదని మన రైతు అనడు. ఈ సంగతి తేల్చుటకు నెదర్లాండ్సు వైద్యులు ముందునిలిచి, 2010నుండి 2018వరకు పలు దేశములలో గోడగల గర్భసంచిగల 80 మంది స్త్రీలను చేర్చి, చీట్లు వేసినట్లు రెండు భాగములు చేసి, ఒక భాగమునకు ఆపరేషను చేసిరి. రెండవ భాగమును ఊరకనే కనిపెట్టి చూచిరి. 2021లో ఫలితము ప్రకటించిరి. ఆపరేషను జరుగవలసిన 39 మందిలో 12 మందికి బిడ్డలు కలిగిరి. ఊరకనున్న 40 మందిలో 14 మందికి కలిగిరి. ఆపరేషనులో ఒకామె గర్భసంచికి రంధ్రము పడినది.

ఎనుబది మంది చాల తక్కువ. అంతటితో ఈ ఆపరేషను వ్యర్థమని తీర్పు చెప్పరాదు. పలుమారులు కడుపు పోయినవారికి ఇది మేలు చేయునని నమ్ము మంచి వైద్యులు నేడును ఉన్నారు. వారి పక్షమునను పరిశోధనలున్నవి. నిజాయితీగల డాక్టరు నేడు చెప్పగలిగినది ఇంతమాత్రమే: చేయవచ్చును, చేయకయు ఉండవచ్చును, రెంటిలోను ఆశ యున్నది, రెంటిలోను నిశ్చయము లేదు. గుర్తించిన గర్భములలో నూటికి ఇంచుమించు 15 ఏ లోపము లేని స్త్రీలలోను పోవుచున్నవి గదా! స్కానింగులో గోడ కనబడినంతమాత్రమున, పోయినదంతయు గోడవలననే పోయినదని చెప్పలేము.

చేయవచ్చును, చేయకయుండవచ్చును అని డాక్టరే చెప్పునప్పుడు, నిర్ణయము ఎవరిది? ఇదియే ఈ వైద్యము మన ముందు పెట్టుచున్న ప్రశ్న. కడుపు కోయవలసిన కాలములో ఇంటివారందరు కూర్చుండి ఆలోచింపవలసి వచ్చెడిది. పుట్టింటివారిని పిలిచెడివారు. ఆమెకు ఏమగునో యని భయపడెడివారు. ఆ భయములోనైనను ఆమె ఒక మనిషియని జ్ఞాపకము వచ్చెడిది. ఇప్పుడు పని చిన్నదైనకొలది అడుగుటయు తగ్గిపోవుచున్నది. "ఒక్కదినము పని, పోయి చేయించుకొని రా" అనిన యెడల ఆమె కాదనుటకు కారణము చూపలేదు. కోత తగ్గినది గాని, లోపలికి పోయినది ఆమె శరీరములోనికే. రంధ్రము పడుట, రక్తము పోవుట, ఎక్కించిన నీరు ఒంటికి పట్టుట, తరువాత పొరలు అంటుకొనుట, అరుదుగా కాన్పులో గర్భసంచి పగులుట, ఈ ప్రమాదములు కొద్దియే అయినను అవి ఆమెవే. అత్తగారివి కావు, భర్తవి కావు, ఉపవాసముండి ప్రార్థించిన మనవి కావు.

మరియొక సంగతి. ఇదివరకు అనుమానముగా నున్న నింద ఇప్పుడు కాగితమైనది. స్కానింగు చీటిలో పుట్టుకతో వచ్చిన లోపమని వ్రాసియున్నది గనుక, "చూచితిరా, మేము చెప్పలేదా" యని పెద్దలలో పెట్టుటకు సాక్ష్యము దొరికినది. ఆమెను నిందనుండి విడిపింపవలసిన కాగితమే ఆమెమీద తీర్పుపత్రముగా మారుచున్నది. పెండ్లి రద్దు చేయవచ్చునా యని అడుగువారున్నారు. క్రైస్తవుల వివాహములకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టములో, 2001లో దానిని సవరించిన తరువాతను, పిల్లలు లేకపోవుట విడాకులకు కారణముగా చెప్పబడలేదు. చట్టము మాట అటుంచుడి. పది మంది కుమారులకంటె నేను నీకు ఎక్కువ కానా అను అర్థమున ఎల్కానా తన భార్యను అడిగెను. ఆ మాట ఆమె దుఃఖమును తీర్చలేదు. అయినను ఆమెను వదలని భర్త అడిగిన మాట అది.

మన రాష్ట్రములో గర్భసంచిపట్ల మనుష్యులకున్న తలంపు ఎట్టిదో చూపు లెక్క ఒకటి కలదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశులో 15నుండి 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి దాదాపు 9 మంది గర్భసంచి తీయించుకొనియుండిరి. దేశమంతటి సగటు 3 మాత్రమే. అక్కరలేని ఇట్టి ఆపరేషనులనుగూర్చి సుప్రీము కోర్టు 2023 ఏప్రిలులో రాష్ట్రములకు ఆజ్ఞలియ్యవలసి వచ్చెను. బిడ్డ నిలువనప్పుడు గర్భసంచి వంకరయని స్త్రీని తృణీకరించుదుము. ఇద్దరు పిల్లలైన తరువాత కొంచెము తెల్లబట్టకో నొప్పికో దానిని తీసి పారవేయుదుము. రెండు సమయములలోను అది ఆమె శరీరములోని భాగమని కాక, ఇంటివారి సామానని యెంచుదుము.

ఆ తలంపు ఎంతదూరము పోగలదో, ఎంత ఉన్నతముగా మారగలదో కూడ చూచుచున్నాము. గర్భసంచి లేక పుట్టిన స్త్రీకి, స్నేహితురాలైన 61 ఏండ్ల ఆమె ఇచ్చిన గర్భసంచిని అమర్చగా, 2014లో స్వీడను దేశములో బిడ్డ పుట్టెను. మన దేశములో పుణె నగరమున 2018 అక్టోబరులో, తల్లి ఇచ్చిన గర్భసంచిలో కూతురు మోసిన బిడ్డ పుట్టెను. తాను పెరిగిన చోటనే తన బిడ్డను పెంచినది. ఇది మన రైలుదారిలోని పేదలకు అందునది కాదు, అందవలెనని తొందరపడవలసినదియు కాదు. అట్టి పిల్ల యొకతె మన ఇంట పుట్టిన యెడల, పదునారేండ్లు నిండినను ఈడేరలేదని దాచిపెట్టి, తొందరగా పెండ్లి చేసి పంపివేయుట మాత్రము ఆమెకును మోసమే, వరునికిని మోసమే. ముందు ఆమెకు తెలియవలెను. తరువాత ఆమె చెప్పదలచినవానికి చెప్పవలెను. చెప్పిన తరువాతను చేసికొందుననువాడు దొరకునా యని తల్లిదండ్రులు అడుగుదురు. దొరకవచ్చును, దొరకకపోవచ్చును, తెలియక చేసికొన్నవాడు మాత్రము తెలిసిననాడు ఏమి చేయునో ఎవరును పూచీ పడలేరు.

డబ్బు సంగతియు పట్టించుకొనవలెను. నేతగాడు పట్టు తెచ్చుకొన్న అప్పుమీద మరియొక అప్పు చేసి ఆసుపత్రికి పోవును. రాష్ట్రములో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిలు 1న మొదట ఆరంభమైన మూడు జిల్లాలలో, ఈ మూడు ఊళ్లు అప్పుడున్న అనంతపురము జిల్లా ఒకటి. 2022లో ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఏ ఆపరేషనుకు పథకము వర్తించునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడుగవలెను, అప్పు చేసిన తరువాత కాదు. అడుగవలసిన ప్రశ్నలు మరికొన్ని కలవు. ఇది గోడయా, రెండు కొమ్ములా? దేనితో తేల్చితిరి? చేయకనుండిన యెడల ఏమగును? ఇట్టివి మీరు ఎన్ని చేసితిరి? ఈ ప్రశ్నలకు విసుగుకొను డాక్టరు దగ్గరనుండి లేచి వచ్చుట మర్యాద తప్పుట కాదు. ఇద్దరిని పరీక్షింపుడని భర్తయే నోరు తెరచి అడిగిన యెడల, ఆమె భుజముమీది బరువులో సగము ఆ గదిలోనే దిగును. గదిలోనికి ఆమెతో పోవలసినది అతడు; అత్తగారు బయట బెంచీమీద కూర్చుండవచ్చును.

చేయించుకొన్నను, చేయించుకొనకపోయినను, ఆ కాగితముల కట్ట ఆమె దగ్గరనే ఉండవలెను, అత్తగారి పెట్టెలో కాదు. ఇట్టి గర్భసంచిలో బిడ్డ అడ్డము తిరుగుట, కాళ్లు ముందుగా వచ్చుట, నెలలు నిండకయే కాన్పు వచ్చుట ఎక్కువ. నెల తప్పిన వెంటనే ఆ కాగితములను హిందూపురపు సర్కారు ఆసుపత్రిలో గాని, దగ్గరనున్న మరే ఆసుపత్రిలో గాని చూపవలెను. ఏడవ నెల దాటిన తరువాత రాత్రివేళ నొప్పులు వచ్చిన యెడల ఏ బండి దొరకును, ఎవరు తోడు పోవుదురు అనునది ముందే మాటలాడుకొని యుండవలెను. ఆ తోడు ఆమె వీధిలో నున్న సంఘస్త్రీలు ఇద్దరు ముగ్గురు తమలో తాము వంతులు వేసికొని ఏర్పరచుకొనగలరు. ఆమె అడుగువరకు కాచుకొననక్కరలేదు.